అమెరికాలో జిల్లేడు కొన్నా, మూడు వేలు పెట్టి

ఈ పోస్టు పొడుగైంది. నీళ్ళ వంతు కోసం గట్టు మీద కూర్చున్నప్పుడు చదువుకోండి.

మొన్న ఆదివారం మా బోదె కింద రైతులం తొమ్మిది మందిమి కూర్చున్నాం. సాగర్ నీళ్ళు వదిలారు కాబట్టి బోదె బాగుచేసుకోవాలి. గట్టు నిండా తుంగ, గడ్డి, జిల్లేడు, పాలతీగ. మనిషికింత వేసుకుని గడ్డిమందు కొట్టించేద్దాం, ఒక పూటలో పని అయిపోద్ది అన్నారు. నేను వద్దన్నా. అందరూ నవ్వారు. "అమెరికా వెళ్ళొచ్చాక నీకు కలుపు మీద ప్రేమ పుట్టింది బాబాయ్" అన్నాడు ఒక కుర్రాడు. అక్కడ నాలుగు మాటల్లో చెప్పలేకపోయా. నాకు నోటితో చెప్పడం కంటే రాయడమే వస్తది. అందుకని ఇది.

2024లో మా అమ్మాయి పురుడికి ఇల్లినాయిస్ వెళ్ళాం. షికాగోకి పడమరగా అరోరా అని ఊరు. బాలాజీ గుడి ఉన్న ఊరు కాబట్టి మనవాళ్ళు చాలామందికి తెలుసు. ఏప్రిల్ చివర వెళ్ళి అక్టోబరులో వచ్చాం. మీ వదినకి చేతినిండా పని. పసిబిడ్డ, బాలింత, పత్యం వంటలు. నాకేం పని? నాలుగెకరాలు చేసుకునే మనిషిని తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెడితే ఎట్లా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. వారం తిరిగేసరికి కిటికీ దగ్గర నిలబడి పెరడు చూడటమే నా ఉద్యోగం అయింది.

ఆ పెరట్లో ఒక మూల ఎప్పుడూ చిత్తడే. అక్కడ ఇళ్ళకి కింద నేలమాళిగ ఉంటది. నేలలో ఊట ఎక్కువ కాబట్టి మాళిగలో గుంట తీసి సంపు మోటారు పెడతారు. వాన పడ్డప్పుడల్లా అది దానంతటదే ఆడి నీళ్ళు ఎత్తి పెరట్లోకి పోస్తది. చూరు నీళ్ళు కూడా అటే. మట్టి చూస్తే మన నల్లరేగడి అన్నదమ్ముడే, పిడికిలి పడితే ముద్ద అవుద్ది. పది అడుగులకి పది అడుగుల మేర గడ్డి కుళ్ళిపోయి, బురద, దోమలు. మా అల్లుడు ఎవర్నో పిలిచి అడిగితే గొట్టం వేసి నీళ్ళు మళ్ళించడానికి రెండు వేల డాలర్ల పైమాట చెప్పారు. లక్షా డెబ్బై వేలు! నేను ఉండబట్టలేక, "నీళ్ళని మళ్ళించడం దేనికి బాబూ, నీళ్ళు తాగే మొక్క పెడితే సరిపోలా?" అన్నా. నా మనసులో ఉన్నది చేమదుంప, అరటి. అక్కడి చలికి అవి నిలవవంట.

పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది, రిటైర్ అయిన టీచరు. మా అమ్మాయి ఆవిడ్ని అడిగింది. ఆవిడ క్షణం ఆలోచించకుండా చెప్పిన పేరు స్వాంప్ మిల్క్‌వీడ్. స్వాంప్ అంటే చిత్తడి, మిల్క్ అంటే పాలు, వీడ్ అంటే కలుపు. చిత్తడి పాలకలుపు అన్నమాట. పేరులోనే కలుపు అని ఉన్న మొక్కని పెట్టమని చెప్తుందేంటి అనుకున్నా.

మే నెల రెండో వారంలో, మంచు పడే భయం పోయాక, నారుమొక్కలు అమ్మేచోటికి తీసుకెళ్ళారు. ఆకు సన్నగా పొడుగ్గా గన్నేరాకు మాదిరి ఉంది. నాకు అనుమానం వచ్చి ఒక ఆకు చివర గోటితో గిల్లా. తెల్లగా పాలు ఊరినాయి. వాసన చూశా. ఇంకేం, జిల్లేడు చుట్టమే! ఇంటికొచ్చి మా అమ్మాయి ఫోన్లో వెతికి చెప్పింది, నిజంగానే రెండూ ఒకే కుటుంబం. కుండీ ఆరు డాలర్లు. ఆరు కుండీలు తీసుకున్నాం. లెక్కేసుకోండి, మన డబ్బులో మూడు వేలు. మనం కొడవలితో నరికి గట్టు అవతల పారేసే జాతి మొక్కని మూడు వేలు పెట్టి కొని కారులో సీటు మీద కూర్చోబెట్టి తెచ్చా.

మీ వదిన చూసి ఊరుకుంటుందా. "ఇంట జిల్లేళ్ళు మొలవ అని తిడతారు జనం. నువ్వేమో పురిటి ఇంట్లో కొని మరీ పెడుతున్నావ్" అంది. రథసప్తమికి ఏడు ఆకులు నెత్తిన భుజాన పెట్టుకుని స్నానం చేసేటప్పుడు గుర్తురాదు, వినాయకుడికి తెల్లజిల్లేడు కట్టేటప్పుడు గుర్తురాదు, పెరట్లో పెట్టేటప్పుడే గుర్తొస్తదా అన్నా. రెండ్రోజులు మాటల్లేవు.

ఇక పెట్టడం గురించి. మన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొస్తది కాబట్టి వివరంగా రాస్తున్నా. ఎండ బాగా తగలాలి, రోజుకి ఆరు గంటలైనా. నీడలో పెడితే పెరుగుద్ది గానీ వంగిపోయి పూత తగ్గుద్ది. మొక్కకి మొక్కకి అడుగున్నర నుంచి రెండడుగులు. బంకమట్టి అయినా, వాన తర్వాత రెండ్రోజులు నీళ్ళు నిలిచినా దీనికి ఏం కాదు. మన మిర్చికి ఒక్క పూట నీళ్ళు నిలిస్తే వేరుకుళ్ళు వచ్చి కూర్చుంటది కదా, ఇది దానికి పూర్తిగా ఎదురు. ఎరువు అక్కర్లేదు. నేను అలవాటు కొద్దీ గుప్పెడు వేయబోతే ముసలావిడ చేయి అడ్డం పెట్టింది. ఆకులు, ఎండుగడ్డి చుట్టూ పరిచా, అంతే. ఆగస్టులో ఎండ ముదిరి వానలు ముఖం చాటేస్తే మాత్రం మొదటి ఏడాది నీళ్ళు పోయాలి, వేరు ఇంకా లోతుకి పోలేదు కాబట్టి.

వీటిలో రకాలున్నాయి. పొలాల్లో, రోడ్ల పక్కన పెరిగేది వేరే, దాన్ని కామన్ మిల్క్‌వీడ్ అంటారు. దాని వేరు నేలలో అడ్డంగా పాకి మన గరిక మాదిరి ఎక్కడంటే అక్కడ లేస్తది, చిన్న పెరడుకి అది ప్రాణసంకటం. చిత్తడి రకం అట్లా పాకదు, పెట్టినచోటే దుబ్బు కడుతుంది. పక్కవాళ్ళ పచ్చికలోకి పోయి తగాదా తేదు. ఇంకొక రకం ఉంది, ఎరుపూ పసుపూ కలిసిన పూలది, మన కాలవల వెంట, పార్కుల్లో కూడా కనపడుద్ది. అది వేడి దేశాల మొక్క. అమెరికా దక్షిణాదిన చలి తక్కువ ఉన్నచోట అది చలికాలమంతా పచ్చగానే ఉండటంతో సీతాకోకచిలుకల రోగం దాని ఆకుల మీద పేరుకుంటోందని, దాన్ని పెట్టొద్దని అక్కడ చెప్తున్నారు. పువ్వు అందంగా ఉందని మోసపోవద్దు.

కొనేటప్పుడు ఇంకో మాట అడగాలి: దీనికి మందు పెట్టారా అని. మనం పత్తి గింజకి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ ఉంది చూడండి, ఆ జాతి మందులు కుండీ మొక్కలకి కూడా పెడతారు. అది రసంలో కలిసి ఆకు ఆకుకీ ఎక్కుతుంది. పురుగు తినడానికే మొక్క పెడుతూ పురుగు చచ్చే మొక్క కొనడం ఎంత తెలివితక్కువ పని! మేం అడిగే కొన్నాం.

అవును, పురుగు తినడానికే. నాకు ముందు ఇది అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్ళ నుంచి పురుగుతో యుద్ధం చేస్తున్న మనిషిని, పురుగుకి మేత వేయడం ఏంటి?

జూన్ చివరికి మూడడుగులు లేచింది. జులైలో గులాబీ రంగు గుత్తులు. దగ్గరికి పోతే వెనిల్లా ఐస్‌క్రీం వాసన. తేనెటీగలు, తుమ్మెదలు మూగుతున్నాయి. ఈ పువ్వులో ఒక చిత్రం ఉంది, మన జిల్లేడు పువ్వులోనూ ఉంది, ఇన్నేళ్ళుగా చూసి కూడా నాకు తెలీదు. పుప్పొడి పొడిగా రాలదు. జంట సంచుల్లాగా ఉండి, తుమ్మెద కాలు సందులో ఇరుక్కున్నప్పుడు క్లిప్పు మాదిరి కాలికి తగులుకుంటుంది. బలమున్న తుమ్మెద లాక్కుని పోయి ఇంకో పువ్వులో దింపుతుంది. చిన్న ఈగలు కొన్ని కాలు ఇరుక్కుని అక్కడే చస్తాయి. కళ్ళద్దాలు పెట్టుకుని గంటసేపు అదే చూశా.

ఆ వెంటనే పసుపు పేనుబంక దిగింది. కొమ్మ చివర్లన్నీ పసుపు రాసినట్టు. అది కూడా మన పేనుబంకే, గన్నేరు మీద, జిల్లేడు మీద ఉండేది అచ్చం అదే. నా చెయ్యి ఊరుకోలా. గరాజ్‌లో వేపనూనె సీసా ఉంది, కలిపి కొట్టబోయా. మా అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది: "నాన్నా, ఆకు వెనక చూశావా?" తిప్పి చూస్తే ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి గుడ్డు, ఒక్కటే. వేపనూనె కొడితే పేనుబంకతో పాటు అదీ పోయేది, దాంట్లోంచి వచ్చే పిల్లా పోయేది. సీసా లోపల పెట్టా. పైపు పట్టి నీళ్ళధారతో పేనుబంకని కడిగా, గుడ్లున్న ఆకులు తప్పించి. వారంలో అక్షింతల పురుగులు వచ్చి మిగతా పని చూసుకున్నాయి. చెప్పుకోవాలంటే సిగ్గే గానీ, మన పొలంలో అక్షింతల పురుగు వచ్చేదాకా నేనెప్పుడైనా ఆగానా?

నాలుగు రోజులకి గుడ్డు పగిలింది. రెండు వారాల్లోపు వేలంత పురుగైంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలు. చూడగానే ఇది మన జిల్లేడు మీద పురుగే అనుకున్నా. కాదు. దీనికి ముందు ఒక జత, వెనక ఒక జత కొమ్ములు. మనదానికి నడుం మీద ఇంకో జత ఉంటది, మొత్తం మూడు. ఇంటికొచ్చాక మన గట్టు మీద లెక్కపెట్టి చూశా. అక్కడిది మోనార్క్, ఇక్కడిది దాని దగ్గరి చుట్టం, నారింజ రంగు రెక్కకి నల్ల అంచు, తెల్ల మచ్చలు ఉంటాయే, అది. రెండిటికీ పాలమొక్కలే బతుకు. ఆ విషప్పాలు తాగి ఒంట్లో దాచుకుంటాయి, తిన్న పిట్ట కక్కుకుని మళ్ళీ ముట్టదు. మేక ముట్టని ఆకుని తిని బతికే జీవి ఇది. దీనికి వేరే ఆకు వేస్తే తినదు. కందాకు, పత్తాకు, మొక్కజొన్నాకు ఎకరాలకెకరాలు పరిచినా పస్తుండి చస్తది గానీ ముట్టదు.

ఆగస్టుకి నా ఆరు మొక్కల్లో రెండు మోడులయ్యాయి. ఆకన్నదే లేదు. మీ వదిన కూడా అప్పటికి పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి పురుగులు లెక్కపెడుతుంది. లేతాకుపచ్చ గూడు, దాని మీద బంగారు చుక్కలు. కంసాలి పెట్టినా అంత సన్నగా పెట్టలేడు. మోడు మళ్ళీ చిగురేసింది, ఏమీ కాలేదు. మేం కళ్ళారా చూసినవి పదకొండు పురుగులు. రెక్కలొచ్చి ఎగిరినవి మూడు. అవి ఎప్పుడూ అంతేనంట, నూటికి పది కూడా మిగలవు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ కలుపుని వాళ్ళు ఎందుకు కొనుక్కుంటున్నారు?

ఇల్లినాయిస్ ఒకప్పుడు మైళ్ళకి మైళ్ళు గడ్డినేల, అందులో చాలాచోట్ల చిత్తడి. వలస వచ్చిన రైతులు నేల కింద కాల్చిన మట్టిగొట్టాలు పరిచి నీళ్ళు తోడేసి నల్లమట్టిని సాగులోకి తెచ్చారు. తప్పు పట్టను, మన తాతలూ అడవి కొట్టే పొలం చేశారు. చిత్తడి నేలల్లో నూటికి తొంభై దాకా పోయాయి. పాత గడ్డినేల వెయ్యి వంతుల్లో ఒక వంతు కూడా మిగల్లేదు. అయినా పాలకలుపు చావలేదు. మొక్కజొన్న సాళ్ళ మధ్య, కంచెల వెంట లేస్తూనే ఉంది. దున్నితే మళ్ళీ లేచింది, గుంటక తోలితే మళ్ళీ లేచింది. వందేళ్ళు రైతూ అదీ కలిసే బతికారు.

1996లో గడ్డిమందు కొట్టినా చావని సోయా వచ్చింది. రెండేళ్ళకి అలాంటి మొక్కజొన్న వచ్చింది. ఇంక పైరు మీదనుంచే గ్లైఫోసేట్ కొట్టేయొచ్చు. వేరుతో సహా పోయింది పాలకలుపు. ప్లెజాంట్స్, ఓబర్‌హౌజర్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క తీశారు: 1999 నుంచి 2010 లోపల ఆ మధ్య రాష్ట్రాల్లో పాలకలుపు నూటికి 58 వంతులు తగ్గిందని. పదకొండేళ్ళలో!

మోనార్క్ సెప్టెంబరులో అక్కడినుంచి మెక్సికో కొండలకి ఎగిరిపోతుంది, రెండున్నర వేల కిలోమీటర్ల పైనే. గ్రాము బరువు లేని ప్రాణి. చలికాలమంతా అక్కడి చెట్లకి గుత్తులుగా వేలాడతాయి. 1975లో గానీ శాస్త్రవేత్తలకి ఆ చోటు తెలీలేదు. అక్కడి ఊళ్ళ రైతులకి ఎప్పటినుంచో తెలుసు లెండి, వాళ్ళ పెద్దల పండగ రోజులకి వస్తాయి కాబట్టి పోయిన పెద్దలే వచ్చారనుకుంటారు. లెక్కపెట్టలేరు కాబట్టి అవి కప్పిన అడవిని కొలుస్తారు. మన లెక్కలో చెప్తా. 1996-97 చలికాలంలో 45 ఎకరాలు. 2013-14లో ఎకరా 65 సెంట్లు. 2023-24లో రెండెకరాల 22 సెంట్లు. 2024-25లో కాస్త తేరుకుని 4 ఎకరాల 40 సెంట్లు. అక్కడ చెట్లు కొట్టడం, ఎండలు, కరువులు కూడా కారణాలే, అంతా గడ్డిమందు మీదే తోసెయ్యడం న్యాయం కాదు. కానీ గుడ్డు పెట్టే ఆకే లేకపోతే మిగతావన్నీ బాగుండి ఏం లాభం.

ఇల్లినాయిస్ వాళ్ళు 1975లోనే మోనార్క్‌ని రాష్ట్ర పురుగుగా పెట్టుకున్నారు. 2017లో మిల్క్‌వీడ్‌ని రాష్ట్రపు అడవిపువ్వుగా ప్రకటించారు. పొలంలోంచి పోయాక కిరీటం పెట్టారు. తెలంగాణ వాళ్ళు నయం, తంగేడు గట్ల మీద ఉండగానే దానికి ఆ గౌరవం ఇచ్చారు.

ఒక ఆదివారం మా అల్లుడు కారులో ఊరి బయట పొలాల మధ్యగా తీసుకెళ్ళాడు. మొక్కజొన్న, సోయా. సోయా, మొక్కజొన్న. రైతుగా నాకు అసూయ కలిగిన మాట నిజం. ఒక్క కలుపు మొక్క లేదు, దువ్వెనతో దువ్వినట్టు సాళ్ళు. అరగంట పోయాక ఏదో వెలితి. కారు అద్దానికి ఒక్క పురుగు కూడా కొట్టుకోలేదు. దిగి ఒక చేను అంచున నిలబడితే ఆకుల గలగల తప్ప చప్పుడు లేదు. అక్కడక్కడ తలెత్తుకుని నిలబడ్డ కలుపు ఒకటుంది, వాటర్‌హెంప్ అంట, మన తోటకూర జాతి. దానికిప్పుడు గ్లైఫోసేట్ కాదు కదా, ఇంకో నాలుగు రకాల మందులు కూడా పనిచేయడం లేదని అక్కడి రైతులు మొత్తుకుంటున్నారు. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు కొట్టి కొట్టి, చావాల్సింది చావలేదు, చావక్కర్లేనిది చచ్చింది.

పెరట్లో ఆరు మొక్కలు పెడితే 45 ఎకరాలు తిరిగొస్తాయని నేను చెప్పను. టౌన్లలో వాళ్ళు కుండీలు కొనుక్కుని సంతోషపడితే పడనీండి, మంచిదే. పోయింది పొలాల్లో, వస్తే పొలాల్లోనే రావాలి. అది రైతు చేతిలో పని. అక్కడ ప్రభుత్వం కొంత నేలని గడ్డికీ పూలకీ వదిలేసిన రైతుకి ఏడాదికింత అని కౌలు కడుతుంది, 1985 నుంచీ ఉంది ఆ పథకం. మనకి కట్టేవాడు లేడు. కానీ మనం ఇంకా పోగొట్టుకోలేదు కదా!

అక్టోబరులో కాయలు పండాయి. సన్నటి కాయ, పగిలితే లోపల పొరలు పొరలుగా గింజ, గింజకి పట్టుదూది. అచ్చం జిల్లేడు దూదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మునిగితే తేలే జాకెట్లలో కూరడానికి ఈ జాతి దూదిని బడిపిల్లల చేత సంచులకి సంచులు ఏరించారంట. కాయ పగిలేలోపే దారం కట్టి ఉంచితే గింజ గాలికి పోదు. ఈ గింజకి చలి తగిలితేనే మొలక. అందుకని రాలే కాలంలోనే నేల మీద చల్లి, అరచేత్తో అదిమి, పైన సన్నగా మట్టి జల్లి వదిలేయాలి. మంచు కిందే నెలలు పడుకుంటది. లేదంటే తడి ఇసకలో కలిపి ఫ్రిజ్‌లో నెల పైన ఉంచి వసంతంలో వేసుకోవాలి. నేను బయల్దేరే ముందు మోకాళ్ళ మీద కూర్చుని చల్లొచ్చా. ఎండిన కాడలు కొయ్యొద్దని కూడా చెప్పా, వసంతంలో పిట్టలు ఆ నార పీక్కుని గూళ్ళు కట్టుకుంటాయి.

మరుసటి ఏడాది మే మొదట్లో అమ్మాయి ఫోను. "నాన్నా, అన్నీ లేచాయి, నీ జిల్లేడు ఒక్కటే చచ్చిపోయింది. అల్లుడుగారు గొట్టం వేయించేస్తానంటున్నారు." ముసలావిడ ముందే చెప్పింది నాకు, ఇది అన్నిటికంటే ఆలస్యంగా నిద్రలేస్తదని. ఈ నెలాఖరు దాకా అక్కడ గునపం పెట్టొద్దన్నా. మే 24న ఫొటో పంపింది. ఊదారంగు ముక్కులు, ఆరు దుబ్బులకి ఆరూ. చల్లిన గింజలు పద్నాలుగు మొలిచాయి. గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు.

వచ్చాక మన ఊళ్ళో ముగ్గురు అడిగారు, విత్తనం తెచ్చావా అని. తేలేదు. తేకూడదు కూడా, అనుమతి లేకుండా విమానంలో గింజ తేవడం చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అటుంచండి. గుర్రపుడెక్క కూడా ఎవరో పువ్వు బాగుందనే తెచ్చారు, మన చెరువులేమైనాయో చూస్తున్నాం. వయ్యారిభామ సంగతి మీ చేతుల దురద చెప్తుంది. ఆ మొక్క ఆ చలికి, ఆ పురుగుకి పుట్టింది. దాని పని అక్కడ. ఇక్కడ ఆ పని చేసేవి మనకున్నాయి. మెట్ట గట్టుకి జిల్లేడు. చిత్తడికి, అంటే కాలవ ఒడ్డుకి, పాలతీగ. తుంగకి అల్లుకుని ఉంటది, సన్నాకు, గిన్నె మాదిరి తెల్లటి పువ్వు, లోపల ఊదా చారలు, తుంచితే పాలు. అదీ ఆ కుటుంబమే. ఎవరూ పెట్టలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ ఆరు డాలర్లు కట్టలేదు.

ఇప్పుడు బోదె గట్టు సంగతి. మీరు అనేది నాకు తెలుసు. పత్తికి కలుపు తీయాలంటే మనిషికి 400, అదీ దొరికితే. ఆటో ఖర్చు అదనం. నేనేం పుణ్యాత్ముణ్ణి కాను. మూడేళ్ళ కిందట నేనూ బిల్లు లేని ప్యాకెట్టు కొన్నా, బీజీ-3 అని చెప్పి ఇచ్చారు. మన దేశంలో అనుమతే లేని విత్తనం అది. ఆ ఏడాది కలుపు కూలి మిగిలిందా, మిగిలింది. మొలక సగమే వచ్చింది. ఎవర్ని అడగాలి? బిల్లేది? అదే ఏడాది మిగిలిన మందు బోదె గట్టుకి కొట్టించా. సాయంత్రం గాలి తిరిగింది. గట్టు పక్కన రెండు సాళ్ళ మిర్చి లేతాకు పసుపుబారి సన్నబడి, కాపు లేకుండా పోయింది. ఆ పైన వేరు పట్టు లేని గట్టు మొదటి పెద్దవానకే కోసుకుపోయింది. మట్టి పోయడానికి రెండు ట్రాక్టర్లు తోలించా. గడ్డి కోసిన కూలి కంటే అది ఎక్కువ. ఇది మీకెవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ని శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప కొట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కొట్టులో అడిగితే ఇస్తున్నారు, అది వేరే సంగతి. ఆ బోదె నీళ్ళే గేదెలు తాగేది, మనం చేలో దాహమేస్తే చేతులు కడిగి ముఖం కడుక్కునేది.

పొలంలో కలుపు ఉంచమని నేను అనడం లేదు. సాళ్ళలో కలుపు తీయాల్సిందే, నేనూ తీస్తా. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలు ఆడేచోట వద్దు, అదీ ఒప్పుకుంటా. నేను అడిగేది గట్టు. నీళ్ళకి అడ్డొచ్చే తుంగ, గడ్డి బోదె లోపలివైపు కోసేద్దాం. గడ్డి గేదెలకి వస్తది. పైవైపు జిల్లేడు, పాలతీగ ఉన్నచోట ఉండనిద్దాం. జిల్లేడు మరీ పెరిగితే కొమ్మలు నరికి దమ్ములో తొక్కిద్దాం, మా నాన్న ఎప్పుడూ అదే చేసేవాడు.

మందుకి మనిషికింత అని వేసుకున్న లెక్క నా దగ్గర ఉంది. దానికి ఇద్దరు మనుషుల్ని రెండు రోజులు పెట్టుకోవచ్చు. తక్కువ పడితే ఒక మనిషి కూలి నేను ఇస్తా. నా పొలం పక్క గట్టు ఎటూ నేనే కోసుకుంటా, రేపు పొద్దున్నే మొదలుపెడుతున్నా. శుక్రవారం మళ్ళీ కూర్చుందాం, నీళ్ళు మన బోదెకి శనివారం గానీ ఎక్కవు.

ఆ పాలతీగకి మీ ఊళ్ళల్లో ఏం పేరో చెప్పండి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు చెప్తున్నారు. రేపు గట్టు మీదికి పోయినప్పుడు పువ్వు ఫొటో తీసి పెడతా.